కాకి ముట్టని ముద్ద

"గొయ్యికి మేత వేసి వారం దాటిందండీ మేష్టారూ. పాత గడ్డి అయిపోయింది. కాలవలో గుర్రపుడెక్క తీద్దామంటే మనుషులంతా కోతలకి పోయారు. మరి ఆ డ్రమ్ము చూడండి, ఎట్టా లేచి నుంచుందో!"

నేను బస్సు దిగి గేటు తోసుకుని లోపలికి రాగానే వంటమనిషి వెంకటరత్నమ్మ గారు అన్న మాట ఇది. సంచీ కూడా కింద పెట్టనివ్వలేదు. మామూలుగా ఆవిడ ముందు మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, అది ఖాళీ అయ్యాక గాని ఫిర్యాదులు మొదలుపెట్టరు.

ఆ హాస్టలు కోడూరు దాటాక, గాలిలో సముద్రం తగిలే చోట ఉంటుంది. ఉప్పెనలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం పెట్టింది. నేను బందరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్ని. పేరు ఖుద్దూస్. నా భార్య అనీసా పోయాక ఆదివారాలు ఇంట్లో గడపడం చేతకాక, ఏదైనా పని చెప్పండని నేనే ఆ హాస్టలు నడిపేవాళ్లను అడిగాను. వాళ్లు చెప్పిన పని వంటచెరకు సంగతి చూడడం.

ఉప్పెన పడగొట్టిన చెట్లు కొన్ని నెలలపాటు పొయ్యిలోకి వచ్చాయి. తర్వాత నరకడానికి ఆ చుట్టుపక్కల చెట్టు లేదు. పిడకలు చేద్దామంటే పశువులు లేవు; మనుషులతోపాటే కొట్టుకుపోయాయి. ఉన్నవల్లా ఉప్పునీళ్లలో నానిన, ఏ గొడ్డూ మూతి పెట్టని గడ్డి, కాలవల నిండా గుర్రపుడెక్క. వాటితోనే గ్యాసు చేద్దామన్నాను. ఇటుకలతో బావిలాంటి గొయ్యి కట్టించి, దానిమీద ఇనుప డ్రమ్ము బోర్లించాం. లోపల గ్యాసు పుడితే డ్రమ్ము లేస్తుంది. పొయ్యి వెలిగిస్తే మెల్లగా దిగుతుంది.

పని మొదలవ్వడానికి సూక్ష్మజీవులు కావాలి. ఉప్పెన నీరు ఎక్కని నందివాడలో ఒక రైతు పేడగ్యాసు నడుపుతున్నాడని విని, ఆయన గొయ్యిలోని బురద డబ్బాలకు పట్టించి, గుడివాడ నుంచి లారీలో తెచ్చాను. ఆ డబ్బాల మూతలు తీసినప్పుడు వెంకటరత్నమ్మ గారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఏంటండీ ఇది?"

"తోడమ్మా. పాలకు తోడు వేస్తే పెరుగవుతుంది కదా. గడ్డికి ఇది తోడు."

"పెరుగైతే తింటాం. దీన్నేం చేసుకుంటాం?"

"దాని ఊపిరి తీసుకుని వండుకుంటాం."

"ఊపిరి మండించడమేంటండీ, పొద్దున్నే అపశకునం మాట!" అన్నారావిడ. కాని మొదటిరోజు మంట నీలంగా వెలిగినప్పుడు పొగ లేని వంటింట్లో నిలబడి, పొయ్యి ముందు కళ్లు తుడుచుకోని రోజు ఇదేనని నవ్వారు.

గొయ్యిని చూసుకునే మనిషి యలమంద. గడ్డి సన్నగా నరికి, నీళ్లలో కలిపి, గొట్టంలాంటి తూములో పోయడం అతని పని. సముద్రం ఒడ్డున ఒక పల్లెవాడు. ఆ పల్లె ఇప్పుడు లేదు. గేదెల్ని మేపి పాలు పోసి బతికినవాడు. ఉప్పెన రోజు తుమ్మచెట్టు పట్టుకుని అతనొక్కడూ మిగిలాడు. భార్య వీరలక్ష్మి, ఇద్దరు పిల్లలు, గేదెలు, ఇల్లు, ఏదీ మళ్లీ కనపడలేదు. శవాలు కూడా దొరకలేదు. దొరికినవాళ్లలో వాళ్లు లేరు.

అనీసాకు నా చేతులతో మట్టి వేసే భాగ్యం నాకు దక్కింది. యలమందను చూసేదాకా అది భాగ్యమని నాకు తెలియదు.

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి అతను గొయ్యి గట్టుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. చొక్కా కొయ్యకు తగిలించినట్టుంది ఒంటిమీద.

డ్రమ్ము నిజంగానే లేచి ఉంది. చలికాలంలో ఆ జీవులు మందగిస్తాయి. మేత కూడా లేకపోతే డ్రమ్ము అడుగుకు దిగి ఉండాలి. చేత్తో నొక్కాను. కొంచెం దిగి, నా అరచేతిని తోసుకుంటూ పైకి వచ్చింది. లోపల ఎక్కడో గుటక వేసినట్టు ఒక చప్పుడు.

"అదుగో, విన్నారా?" అన్నారు వెంకటరత్నమ్మ గారు. "రోజూ అంతే. పిల్లకాయలు వంటింటి పక్కన కూర్చోమని, కంచాలు ఎత్తుకుని అవతల వరండాలోకి పోయారు. మంట చూద్దురుగాని రండి."

ఆవిడ పొయ్యి తిప్పి అగ్గిపుల్ల గీశారు. మంట అంటుకుంది. కాని బర్నరు మీద కూర్చోలేదు. దాన్ని వదిలేసి, నాలుగు వేళ్ల ఎత్తున గాలిలో తేలింది. కింద ఇనుముకూ పైన మంటకూ మధ్య ఏమీ లేదు. అది అటూ ఇటూ ఊగి, కాసేపు తలుపు వైపు వాలి, మళ్లీ నిటారుగా నిలిచింది. తలుపులో యలమంద నిలబడి ఉన్నాడు.

"కొరివి దయ్యం అంటే ఇదేనేంటండీ?" అని గొంతు తగ్గించి అడిగారు వెంకటరత్నమ్మ గారు.

"కాదమ్మా. బొగ్గుపులుసు గాలి, అంటే మండని గాలి, ఎక్కువైతే మంట అలా లేస్తుంది."

చెప్పాను గాని, ఆ మంట కింద ఖాళీని చూస్తూ ఉండలేక పొయ్యి కట్టేశాను.

లాబ్ నుంచి తెచ్చిన లిట్మస్ కాగితాన్ని గొయ్యి బురదలో ముంచాను. నీలం కాగితం ఎర్రబడింది. అంటే గొయ్యి పులిసిపోతోంది. ఆ జీవుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి ఆత్రగొట్టు జాతి. ఏది పడితే దాన్ని పులియబెట్టి పులుసు చేసేస్తుంది. రెండోది నిదానం, ఆ పులుసును తిని, మండే గ్యాసును వదులుతుంది. గడ్డి వేస్తే రెండూ సర్దుకుపోతాయి, ఎందుకంటే గడ్డి త్వరగా లొంగదు. తేలిగ్గా పులిసేది ఏదైనా వేస్తే మొదటిది విజృంభిస్తుంది, రెండోది చస్తుంది.

"ఇందులో ఎవరో అన్నం వేస్తున్నారు" అన్నాను.

వెంకటరత్నమ్మ గారు నా మొహంలోకి చూడలేదు. "ఎవరో ఏంటండీ" అన్నారు మెల్లగా. "భోజనాల గంట కొట్టనివ్వండి."

మిట్టమధ్యాహ్నం. ఎండ తెల్లగా, చలిగా ఉంది. గంట కొట్టారు. యలమంద తన కంచంలో అన్నం పెట్టించుకుని, దానితోపాటు గంజి బకెట్టు, పిల్లలు వదిలిన మెతుకుల గిన్నె తీసుకుని వెనక్కి వెళ్లాడు. మేము వంటింటి కిటికీ పక్కన నిలబడ్డాం.

అతను కాళ్లు కడుక్కుని తూము దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కంచంలో అన్నం కూరతో కలిపి ముద్దలు చేశాడు. ఒక్కొక్క ముద్దా తూములో జారవిడుస్తూ ఏదో పేరు పిలుస్తున్నాడు. చిన్న ముద్దలు పిల్లలకు కాబోలు. చివర గంజి పోశాడు. తర్వాత డ్రమ్ముకు చెవి ఆనించి కూర్చున్నాడు. గుటక చప్పుడు మాకు కూడా వినపడింది. అతను నవ్వాడు. ఇన్ని నెలల్లో ఆ మొహం మీద నేను చూడని నవ్వు.

"ఎన్నాళ్ల నుంచి?"

"సంవత్సరీకం పెట్టిన కాడ్నుంచి."

"మరి ఆయనేం తింటాడు?"

"ఏం తింటాడు! నేను నోరు చేసుకుంటే ఇన్ని గంజినీళ్లు తాగుతాడు. మందలిస్తే, 'వాళ్లు తిన్నాక తింటా అక్కా' అంటాడు. వాళ్లకి తీరేదెప్పుడు, వీడు తినేదెప్పుడు? ఇట్టాగే సాగితే ఆ మనిషి నెల బతకడండీ మేష్టారూ. మీరు చదువుకున్నోరు, ఏదో ఒకటి చెప్పండి."

ఒక మనిషి కంచం, ఒక బకెట్టు గంజి. లెక్క వేసి చూశాను. గొయ్యి పులవడానికి చాలు. డ్రమ్ము అంత ఎత్తున నిలబడడానికి చాలదు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

గట్టుమీద అతని పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "చూశానయ్యా" అన్నాను.

అతను దాచలేదు. "ఉప్పెన తర్వాత మా వైపు కాకులు లేవండి" అన్నాడు. "అవి కూడా పోయినయ్. దినాలకి పిండం పెట్టా. ముట్టే కాకి ఏదండీ? ఏడాదికి మళ్లీ పెట్టా. అప్పటికి కాకులొచ్చినయ్. ఒకటి వాలింది. ముద్ద చూసింది, నన్ను చూసింది, ఎగిరిపోయింది. పొద్దుగూకేదాకా బతిమాలా. ముట్టలా. ఆ ముద్ద ఏం చెయ్యాలో తెలీక తెచ్చి ఇందులో ఏశా. తెల్లారి చూస్తే డ్రమ్ము లేచుంది." అతను ఇనుము మీద అరచెయ్యి పెట్టాడు, గేదె వీపు నిమిరినట్టు. "ఇది ముట్టిందండి."

మా ఇళ్లలో పోయినవాళ్ల పేరిట ఫాతెహా చదివించి, ఆ అన్నాన్ని బతికున్నవాళ్లకే పెడతాం. ఆ మాట నోటిదాకా వచ్చింది. అతని చెయ్యి చూసి ఊరుకున్నాను. లోపల ఉన్నవి కంటికి కనపడని క్రిములే గాని నీ వాళ్లు కారని చెప్పడానికీ నోరు రాలేదు.

"యలమందా, అన్నం పడితే ఈ గొయ్యి పులిసిపోతుంది. ఇప్పటికే సగం పులిసింది. ఇంకొన్నాళ్లకు మంట పూర్తిగా ఆరిపోతుంది. మళ్లీ వెలగదు."

అతను మళ్లీ డ్రమ్ముకు చెవి ఆనించాడు.

"ఒకసారి పోయారు కదండీ" అన్నాడు. "మళ్లీ ఎట్టా పోతారు?"

"అందుకే చెప్తున్నా. కొన్నాళ్లు ఏమీ పెట్టకుండా ఉండాలి. లంఖణం అనుకో."

"లంఖణమా!" అతని గొంతు మొదటిసారి పైకి లేచింది. "ఉప్పునీళ్లు తాగి పోయినోళ్లకి నేను లంఖణం పెట్టాలాండీ? నేనుంటా కావాలంటే."

"నువ్వు ఉంటూనే ఉన్నావుగా."

అతను గట్టుమీద పడ్డ గడ్డిపరకలు ఏరసాగాడు.

"పోనీ, సున్నం వేద్దాం. సున్నం పులుపును విరిచేస్తుంది. గుల్లసున్నం నీళ్లలో కలిపి పోస్తే చాలు."

"సున్నమా? నోళ్లు పొక్కిపోవూ! పిల్లలున్నారండీ లోపల."

వెనక వంటింటి గుమ్మంలోంచి వెంకటరత్నమ్మ గారి గొంతు వినిపించింది.

"ఉత్త సున్నం ఎవడు పెట్టమన్నాడురా? ఆకూ వక్కా పెట్టి ఇవ్వు. ఇన్నాళ్ల నుంచి మూడు పూటలా మేపుతున్నావు. భోజనమయ్యాక తాంబూలం ఇవ్వాలని మీ అమ్మ చెప్పలేదూ?"

యలమంద ఆవిడ వైపు తిరిగాడు.

"తాంబూలమిస్తే ఎల్లిరమ్మన్నట్టే గదా అక్కా."

ఆవిడ గరిటె పట్టుకునే దగ్గరకు వచ్చారు. ఎప్పుడూ తిట్టినట్టు తిట్టలేదు. "తాంబూలం చేతికొస్తేనే గదా నాయనా చుట్టం లేచేది. ఇంటాయన ఇవ్వకపోతే పందిట్లోంచి వాళ్లెట్టా కదుల్తారు? ఏడాది దాటింది. ఎట్టా అడుగుతారు నిన్ను, మమ్మల్ని పంపించమని?"

అతను లేచి కాలవ గట్టు వెంట వెళ్లిపోయాడు. నేను బస్సుకు బయల్దేరే వేళకు తిరిగి రాలేదు.

ఆ వారమంతా బందరులో నా పని నేను చేసుకున్నాను గాని, మంట కింద ఆ ఖాళీ కళ్లముందు నిలిచే ఉంది. శనివారం కోనేరు సెంటరులో ఆకుల దుకాణం ముందు ఆగాను. అనీసా పోయాక అటు వెళ్లలేదు. దుకాణం రహంతుల్లా నన్ను చూసి, "ఎన్ని?" అని అడగలేదు, "ఎవరికి?" అని కూడా అడగలేదు. తడిగుడ్డ కింద నుంచి లేత ఆకుల కట్ట తీసి, పైన నాలుగు వక్కలు పెట్టి ఇచ్చాడు. కాచు పెట్టబోతే వద్దన్నాను. కోడూరు వైపు వాళ్లు వేసుకోరని చెప్పాను.

మర్నాడు హాస్టలు గేటు దగ్గర యలమంద నా కోసం నిలబడి ఉన్నాడు.

"లోపల మాట్లాట్టం లేదండి" అన్నాడు. "నిన్నట్నుంచి. ముద్దలేసినా పలకట్లా. పొయ్యి కూడా అంటుకోవట్లేదంట." నా సంచీ వైపు చూసి, "ఆకులు తెచ్చారా?" అని అడిగాడు.

నేను తెస్తానని అతనికి చెప్పలేదు. సంచీ విప్పి చూపించాను.

పిల్లల భోజనాలయ్యాక ముగ్గురం గొయ్యి దగ్గరకు వెళ్లాం. గుల్లసున్నం నీళ్లలో కలిపిన బకెట్టు నేను మోశాను. వెంకటరత్నమ్మ గారు కడిగిన పళ్లెంలో ఆకులు, పగలగొట్టిన వక్క సర్దారు. యలమంద ఒక ఆకు తీసుకుని, ఈనె గిల్లి, వేలితో సున్నం రాశాడు. ఎక్కువ అంటింది. తుడిచి మళ్లీ రాశాడు. వక్క పెట్టి మడిచాడు.

"పిల్లలకి ఆకు పెట్టకూడదంటారు గదక్కా. చదువు రాదని."

"వాళ్ల వంతు కూడా వాళ్లమ్మకే ఇవ్వు. అదే వేసుకుంటుంది."

అతను మిగిలిన ఆకులు కూడా మడిచాడు. తూములో ఒక్కొక్కటి వదిలాడు. నేను సున్నం నీళ్లు వంచాను. అతను లోపలికి వంగి, "ఎల్లి రండి" అన్నాడు. అని, ఉలిక్కిపడి మా వైపు చూశాడు. "రండి అన్నానండీ. రమ్మనొచ్చా?"

"అట్టాగే అనాల్రా" అన్నారు వెంకటరత్నమ్మ గారు. "ఎవరినైనా అట్టాగే అంటాం."

ఒక వాసం కర్రను తూములోంచి గొయ్యిలోకి దించి కాసేపు కలిపాను. తర్వాత కూర్చున్నాం. గాలి లేదు. వరండాలో పిల్లలు కూడా చప్పుడు చెయ్యడం లేదు.

డ్రమ్ము దిగడం మొదలుపెట్టింది. పొయ్యి వెలిగించలేదు, గొట్టం విప్పలేదు. సున్నం బొగ్గుపులుసు గాలిని తాగేస్తుంది, అందుకే దిగుతోందని నాకు తెలుసు. అయితే అది ఒక్కతీరుగా దిగాలి. కొంత దిగి ఆగింది, మీది నుంచి ఎవరో లేచినట్టు చిన్నగా ఊగింది. మళ్లీ దిగి ఆగింది. ఇంకోసారి. ఆ తర్వాత అడుగున కదలకుండా ఉండిపోయింది.

యలమంద పెదవులు కదులుతున్నాయి. పేర్లు అనుకుంటాను. నేను వినకుండా కాలవ వైపు చూశాను.

ఆ తర్వాత అతను గొయ్యిలో అన్నం వేయలేదు. అలాగని తినడమూ లేదు. తర్వాతి ఆదివారానికి ఇంకా చిక్కిపోయాడు. "పంపించేశా, సరే. చేరారో లేదో ఎట్టా తెలుస్తదండీ?" అన్నాడు నాతో. కోతలయ్యి కొత్త గడ్డి వచ్చింది. నందివాడ నుంచి మళ్లీ తోడు తెచ్చి కలిపించాను. అతను గడ్డి నరికి, తడిపి, తూములో పోస్తూనే ఉన్నాడు, చెయ్యి అలవాటుగా.

మరో ఆదివారం నేను మజ్జిగ తాగుతుండగా వెంకటరత్నమ్మ గారు పరుగున వచ్చారు. "మేష్టారూ, ఒకసారి ఇటు రండి. వాణ్ని కూడా పిలిచా."

గొయ్యికి అవతలి వైపున జీర్ణమైన బురద పొంగి వచ్చే చిన్న తొట్టి ఉంది. అది ఎప్పుడూ నల్లగా, పచ్చిక రంగు కలిసి ఉంటుంది. ఆ రోజు దాని అంచు పొడుగునా ఎర్రటి నురగ తేలి ఉంది. తడిగా, పల్చగా, అప్పుడే ఉమ్మినట్టు.

వక్కా సున్నమూ కలిస్తే ఎరుపు వస్తుంది. పరీక్షనాళికలో నేనే చూపించగలను. కాని పిడికెడు వక్క అంత పెద్ద గొయ్యిలో పడి, అన్ని నీళ్లలో కలిసి, ఇన్నాళ్ల తర్వాత, అంచున మాత్రమే. వేలు ముంచబోయి మానేశాను.

యలమంద తొట్టి పక్కన కూర్చుని చూశాడు.

"బాగా పండిందండి" అన్నాడు. "వీరలక్ష్మికెప్పుడూ అంతే. ఆకేసిందంటే మూతి దాచుకోలేదు. మా అమ్మ ఎగతాళి చేసేది." అతను కళ్లు తుడుచుకోలేదు. చెంబుతో నీళ్లు తీసుకుని చేతులు కడుక్కున్నాడు. "వేసుకుంది" అన్నాడు తనలో తనే. "వేసుకునే ఎల్లింది."

పిల్లల పంక్తి వరండాలో సగం అయింది. చివరి పిల్లాడి పక్కన యలమంద కూర్చున్నాడు. వెంకటరత్నమ్మ గారు కంచం వేసి, అన్నం పెట్టి, పప్పు పోశారు. అతను కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగడానికి కష్టపడ్డాడు. పక్కనున్న పిల్లాడు తన గ్లాసు అతని వైపు జరిపాడు. అతను నీళ్లు తాగి, మళ్లీ తిన్నాడు.

"ఇంకాస్త పెట్టక్కా."

ఆవిడ గిన్నె తేవడానికి వంటింట్లోకి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. పొయ్యి మీద మంట నీలంగా, బర్నరును అంటుకుని, చప్పుడు లేకుండా మండుతోంది. ఆవిడ దాని వైపు మొహం తిప్పకుండానే గిన్నె అందుకున్నారు. నేను కూడా అటు చూడలేదు.